వరస తప్పని జవాబులు

పన్నెండు కావొస్తున్నా లోపలినుంచి పిలుపు రాలేదు.

బందరులో ఆ బడి వరండా నిండా తల్లులూ పిల్లలే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూసే క్యాంపు అది. ఓ మూల ఎవరో పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఓ మూల మైకులో పేర్లు పిలుస్తున్నారు. ఆ మైకు పేర్లు పిలిచేదానికంటే కీచుమనేదే ఎక్కువ. అది కీచుమన్నప్పుడల్లా నాని రెండు చెవులూ మూసుకుని వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకటే పరుగు. వాడి వెనకాల వాళ్ళక్క కుమారి పరుగు.

కుమారి ఆరో తరగతి. నాని ఒకటో తరగతి. వాళ్ళది నాగాయలంక. నాన్న అంకమ్మరావు పడవ మీద సముద్రానికి వెళ్తాడు. అమ్మ సత్యవతి రేవులో చేపలు కొని, బుట్టలో సర్దుకుని వెళ్ళి అమ్ముతుంది. ఇవాళ బుట్ట ఇంట్లోనే పడేసి, తెల్లారకముందే పిల్లలిద్దర్నీ బస్సెక్కించింది.

అమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ తలుపు వంకే చూస్తోంది. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది ఆమె వాలకం. కుమారికీ లోపల గాబరాగానే ఉంది. కానీ అది వేరే గాబరా. పరీక్ష హాల్లోకి వెళ్ళే ముందు ఉంటుందే, అది.

నాని చెయ్యి చిక్కగానే గట్టిగా పట్టుకుని, మూలకి లాక్కెళ్ళి, చెవిలో గుసగుసగా అడిగింది.

"నీ పేరేంటి?"

"నాని."

"నీ వయసెంత?"

"ఆరు."

"మీదే ఊరు?"

"నాగాయలంక."

నాని ఆమె కళ్ళలోకి చూడలేదు. వాడెప్పుడూ ఎవరి కళ్ళలోకీ చూడడు. అక్క పెదాల వంక చూస్తూ, కాళ్ళు నిలవక గెంతుతూ, అన్నిటికీ టకటకా చెప్పేశాడు. కుమారి మురిసిపోయింది.

నానికి మాటలు రావని కాదు. వస్తాయి. కానీ వాడి మాటలు వాడివి. పొద్దున కండక్టరు అరిచిన "అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి" అదే రాగంలో, అదే వరసలో సాయంత్రం దాకా చెబుతూనే ఉంటాడు. తనకేం కావాలో మాత్రం చెప్పడు. ఏడుస్తాడు, లేదంటే తల గోడకేసి కొట్టుకుంటాడు. ఎందుకో ఇంట్లోవాళ్ళే ఊహించుకోవాలి.

అలాంటివాణ్ణి బళ్ళో వేశారు. వేసిన కొత్తలోనే, గంట కొట్టగానే చెవులు మూసుకుని గేటు దాటి పరిగెత్తాడు. ఇంకోసారి కాలువ గట్టు మీద దొరికాడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడుపుకుని వాణ్ణి ఎత్తుకొచ్చింది హెడ్మాస్టారు గోవర్ధనరావు గారే. ఆ సాయంత్రం ఆయనే ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడారు. పిల్లవాడికి ఆటిజం ఉందేమోనని తన అనుమానమన్నారు. అది జబ్బు కాదనీ, వాడి మెదడు ఈ లోకాన్ని అందుకునే తీరే వేరనీ, తిట్టినా కొట్టినా మారేది కాదనీ చెప్పారు. బందరు క్యాంపులో చూసి రాసిస్తే, ఇలాంటి పిల్లల కోసం నాగాయలంకలో ఉన్న కేంద్రంలోనే ప్రత్యేక టీచరు వాడికి నేర్పుతారట. బళ్ళో వాడి వెంట ఉండడానికి ఒక ఆయాని కూడా అడగొచ్చట. అంతదాకా మాత్రం వాణ్ణి ఇంట్లోనే ఉంచమన్నారు.

"కాలువ పక్కనే బడి, సత్యవతమ్మా. నాకున్నవి రెండు కళ్ళే," అన్నారాయన, తప్పు తనదైనట్టు తలొంచుకుని.

అప్పట్నుంచీ అమ్మ రేవుకి వెళ్ళినప్పుడల్లా కుమారి బడి మానాల్సి వస్తోంది. నానికి ఏ గొళ్ళేన్నయినా తీయడం తెలుసు. గుమ్మానికి అడ్డంగా కూర్చుని వాణ్ణి కాపలా కాయాలి.

హెడ్మాస్టారు చెప్పిన అన్ని మాటల్లోనూ కుమారి బుర్రకెక్కింది ఒక్కటే. క్యాంపులో ప్రశ్నలు అడుగుతారు. ప్రశ్నలడిగితే అది పరీక్షే కదా! జవాబు రాకపోతే ఫెయిల్. ఫెయిలైనవాణ్ణి బళ్ళోకి ఎవరు రానిస్తారు? వీధిలో పిల్లలు ఇప్పటికే నానిని వెక్కిరిస్తున్నారు. ఇంక చెప్పాలా?

బుట్ట సర్దడం అమ్మ దగ్గర నేర్చుకుంది కుమారి. చిన్నాచితకా చేపలు అడుగున, మెరిసే పండుగప్పలు పైన, ఆ పైన నాలుగు నీళ్ళ చుక్కలు. రేవులో ఎవరు సర్దినా అంతే. అదేం మోసం కాదు. కొనేవాళ్ళకీ తెలుసు, చెయ్యి పెట్టి అడుగు చూసుకునే కొంటారు. అయినా ముందు కన్ను పడేది పైవాటి మీదే కదా. తమ్ముణ్ణి కూడా అలాగే సర్దుదామనుకుంది ఈ పిల్ల.

పక్కింటి చిట్టెమ్మ పిన్ని కొడుకుని నిరుడు ఇలాంటి క్యాంపుకే తీసుకెళ్ళారు. ఏమేం అడిగారో పిన్నిని గుచ్చిగుచ్చి అడిగి తెలుసుకుంది. పేరు, వయసు, ఊరు, అమ్మ పేరు, ఎర్రబంతి చూపించి రంగు, మూడు వేళ్ళు చూపించి లెక్క. అదీ వరస. అమ్మ రేవుకి వెళ్ళగానే గుమ్మంలో కూర్చుని, ఆ వరసలోనే నానికి నూరిపోసింది. బస్సు ఊళ్ళన్నీ అప్పజెప్పేవాడికి ఇవో లెక్కా? కొద్ది రోజుల్లోనే వచ్చేశాయి. అమ్మకి మాత్రం చెప్పలేదు. పాసయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకుంది.

"పీతల నాని! నాగాయలంక!" మైకు కీచుమంటూనే పిలిచింది.

లోపల బల్ల వెనక కూర్చున్నావిడ ఫర్జానా మేడం. పిల్లల మనసు చదివే సైకాలజిస్టు ఆవిడ. పొద్దుట్నుంచీ మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. అమ్మ సంచీలోంచి కాయితాలు తీసిస్తే, పక్కనున్న గుమాస్తా ఆధార్ జిరాక్సు లేదని పట్టుకున్నాడు. రోడ్డు మీద షాపుంది, తెచ్చెయ్యండమ్మా అన్నాడు. అమ్మ కుమారికి తమ్ముణ్ణి అప్పజెప్పి పరుగున వెళ్ళింది.

మేడం నవ్వుతూ నాని వైపు వంగింది. "నీ పేరేంటి బాబూ?"

నాని బల్ల మీది పేపర్‌వెయిట్‌ని గిరగిరా తిప్పుతున్నాడు. కుమారి వాడి ఎదురుగా వంగి పెదాలు కదిలించింది.

"నాని," అన్నాడు వాడు.

ఆ తర్వాత వయసు, ఆ తర్వాత ఊరు, ఆ తర్వాత అమ్మ పేరు. చిట్టెమ్మ పిన్ని చెప్పిన వరస ఇసుమంత తప్పలేదు. మేడం ఎర్రబంతి తీసింది. ఎరుపు అన్నాడు. మూడు వేళ్ళు చూపించింది. మూడు అన్నాడు. కుమారికి గాల్లో తేలినట్టుంది.

మేడం మాత్రం పెన్ను బుగ్గకి ఆనించుకుని కాసేపు నానినే చూసింది. వాడు ఆవిణ్ణి ఒక్కసారైనా చూడలేదు. "ఇంట్లో కూడా ఇలాగే చెబుతాడామ్మా? ఏమడిగినా?" అంది కుమారితో.

"చెబుతాడండీ," అంది కుమారి.

బయట జనం అరుపులు. గుమాస్తా తర్వాతి కాయితం బల్ల మీద పెట్టేశాడు. అమ్మ రొప్పుతూ జిరాక్సు పట్టుకొచ్చేసరికి మేడం రాయడం కూడా అయిపోయింది.

"మాట బాగానే ఉందమ్మా. అడిగినవన్నీ చెప్పాడు. ఆ అల్లరి వయసుతోపాటు తగ్గొచ్చు. ఇప్పుడే ప్రత్యేక టీచరు అక్కర్లేదనిపిస్తోంది. వచ్చే ఏడాది క్యాంపుకి మళ్ళీ తీసుకురండి."

అమ్మ ఏదో అడగబోయింది. తర్వాతి పిల్లవాడు అప్పటికే గుమ్మంలోకి వచ్చేశాడు.

బయట మెట్ల కింద నీడలో కూర్చున్నారు ముగ్గురూ. అమ్మ పులిహోర డబ్బా తీసింది గానీ మూత తీయలేదు.

"అన్నీ చెప్పాడా? వీడేనా? నా కొడుకేనా?" అంది కుమారితో.

"అన్నీ చెప్పాడమ్మా. పాసయ్యాడు."

అమ్మ మొహం ఒక్కసారిగా విప్పారింది. అలాంటి మొహం కుమారి ఎన్నాళ్ళుగానో చూడలేదు. అమ్మ వాడి గడ్డం పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, ఎంతో ఆశగా అడిగింది.

"నానీ, అన్నం తింటావా నాన్నా?"

"నాని," అన్నాడు వాడు.

"అదే, ఆకలేస్తోందా అని?"

"ఆరు."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "లోపల భయమేసిందా నాన్నా?" అంది నెమ్మదిగా.

"నాగాయలంక," అన్నాడు వాడు, మెట్టు అంచుని గోటితో గీకుతూ.

అమ్మ డబ్బా పక్కన పెట్టేసింది. కుమారిని తిట్టలేదు. ఏం చేశావే అని కూడా అడగలేదు. తిడితే బాగుండేదనిపించింది కుమారికి. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఇంకో ఏడాది ఇంట్లోనే అంది. నేను రేవుకి పోతే వీణ్ణి ఎవరు చూస్తారు, నీ చదువేం కాను, ఆ కాలువ ఎక్కడికైనా పోతుందా అంటూ ఎవరితోనో చెబుతున్నట్టు తనలో తనే గొణుక్కుంది.

అప్పుడు తెలిసింది కుమారికి, తనేం చేసిందో. సాయం కావాలని ఇంత దూరం వచ్చి, మాకేం సాయం అక్కర్లేదని తన నోటితోనే చెప్పేసింది! నాని పాసవలేదు. నాని గురించి అసలు ఎవరికీ ఏమీ తెలియనే లేదు.

అమ్మ సంచీ సర్దుకుంది. రెండింటి బస్సు పోతే మళ్ళీ చీకటి పడిపోతుందంది. కుమారి కదల్లేదు. ఇప్పుడే వస్తానని చెప్పి మెట్లెక్కి పరిగెత్తింది.

గుమ్మం దగ్గర గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. మీది అయిపోయిందిగా, ఇంక వెళ్ళండమ్మా అన్నాడు. మేడంతో మాట్లాడాలంది. అందరూ మాట్లాడాలనే వచ్చారన్నాడు. అదీ నిజమే. కుమారి కాలుగాలిన పిల్లిలా గుమ్మం ముందు అటూ ఇటూ తిరిగింది. ఒకరు లోపలికి, ఒకరు బయటికి. మళ్ళీ ఒకరు లోపలికి. కింద అమ్మ పిలుస్తోంది. మేడం మూడింటికి వెళ్ళిపోతారని ఎవరో అంటున్నారు. చెబితే మేడం ఏమంటుందో! అబద్ధాలకోరునని అందరి ముందూ అరిస్తే? పోనీ, దిగి వెళ్ళిపోతే? సగం మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కింది.

అంతలో ఫర్జానా మేడం క్యారియరు పట్టుకుని చేతులు కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వచ్చింది. కుమారి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నేను అబద్ధం చెప్పానండీ," అంది.

మేడం కుళాయి కట్టేసింది.

"వాడు ఇంట్లో అలా చెప్పడండీ. అసలేమీ చెప్పడండీ. అవన్నీ నేను నేర్పించాను. ఆ వరసలో అడిగితేనే చెబుతాడు. మధ్యలోంచి అడిగి చూడండి."

"ఎందుకు నేర్పించావు?"

"ఫెయిలవుతాడని."

అరవలేదు మేడం. తడి చేతుల్తోనే నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, నిట్టూర్చింది. "నాకూ అనుమానం వచ్చింది. అందుకే నిన్నడిగాను. నువ్వు అవునంటే నమ్మేశాను, జనం ఎక్కువగా ఉన్నారని తొందరపడ్డాను," అంది. "ఇక్కడ ఫెయిలూ పాసూ లేవమ్మా. వాడికి ఏది కష్టమో నాకు కనబడాలి. కనబడకపోతే నేనేం రాయను? వెళ్ళి తమ్ముణ్ణి తీసుకురా."

అన్నం తినకుండానే మేడం మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంది. ఈసారి నాని పక్కన అమ్మని కూర్చోబెట్టి, కుమారిని గోడవారగా నిలబడమంది. ఒక్క షరతు పెట్టింది. ఏం జరిగినా పలకకూడదు, కదలకూడదు.

మొదట ఎర్రబంతి తీసింది. "ఇదేం రంగు?"

"నాని," అన్నాడు వాడు.

మేడం వేళ్ళు చూపించింది. వాడు ఆరు అనబోయి ఆగాడు. ఏదో తేడా వచ్చిందని వాడికీ తెలిసినట్టుంది. గది చుట్టూ వెతికాడు. గోడ దగ్గర అక్క కనిపించింది. ఆమె పెదాల వంక చూశాడు.

కుమారి పెదాల మీదే ఉంది జవాబు. ఊరికే మూతి కదిపితే చాలు, వాడు చెప్పేస్తాడు. ఆమె రెండు చేతుల్తో నోరు మూసుకుని గోడ వైపు తిరిగిపోయింది.

వెనక నాని ఏడుపు మొదలైంది. కుర్చీ కిందపడ్డ చప్పుడు. నేల మీద వాడు కాళ్ళు తపతపా కొట్టుకుంటున్న చప్పుడు. కుమారి ప్రాణం గిలగిల్లాడింది. ఒక్క అడుగు వేసి ఎత్తుకుంటే ఊరుకుంటాడు. ఎలా ఎత్తుకోవాలో, వీపు మీద ఎక్కడ రుద్దాలో ఆమెకే తెలుసు. అయినా తిరగలేదు. కన్నీళ్ళు వేళ్ళ మీదుగా కారుతున్నా తిరగలేదు. మేడం వాడికి దగ్గరగా వెళ్ళకుండా, ఫ్యాను ఆపించి, తలుపు మూయించి, వాడు సద్దుమణిగేదాకా నేల మీదే కూర్చుంది.

ఆ తర్వాత కుమారిని పిలిచి, ఇంట్లో వాడెలా ఉంటాడో చెప్పమంది.

కుమారి మొత్తం చెప్పేసింది, బుట్ట బోర్లించినట్టు. గంట కొట్టినా మిక్సీ తిరిగినా మంచం కింద దూరతాడని. అన్నానికి కూర తగిలితే ముద్ద ముట్టడని. సగం రాత్రులు నిద్రపోడని. కాలువ కనిపిస్తే చాలు, ఎవరు పిలిచినా వినపడనట్టు నీళ్ళ వైపే పోతాడని. తను బడి మానేస్తోందని. చెబుతున్నంతసేపూ సిగ్గుతో తల ఎత్తలేదు. చివర్లో మాత్రం తలెత్తి, బస్సు ఊళ్ళన్నీ వరసగా గుర్తుంటాయండీ, అది నేను నేర్పింది కాదు అంది.

"అది కూడా రాస్తాను," అంది మేడం. ఈసారి చాలాసేపు రాసింది.

రెండింటి బస్సు పోయింది. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. దారిలో అమ్మ కుమారిని దగ్గరికి లాక్కుంది.

దసరా సెలవులయ్యాక నాని నాగాయలంకలోని కేంద్రానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడి ప్రత్యేక టీచరు పేరు సుభాషిణి. బళ్ళో ఆయా ఇంకా రాలేదు, హెడ్మాస్టారు అడుగుతూనే ఉన్నారు. కుమారి మాత్రం రోజూ బడికి వెళ్తోంది. ఓ శనివారం నానిని కేంద్రంలో దింపి, అక్కడే చాప మీద కూర్చుంది.

ఆ పూట నానికి ఒక్క క్షణం నిలకడ లేదు. లేస్తాడు, కూర్చుంటాడు, చెవులు మూసుకుంటాడు, చాప అంచు పీకుతాడు. మూలుగు కూడా మొదలైంది. సుభాషిణి టీచరు బొమ్మలున్న అట్టముక్కలు వాడి ముందు పరిచింది. నీళ్ళ గ్లాసు, బిస్కట్లు, ఫ్యాను, బంతి.

"నానీ, ఏం కావాలి?" అంది.

నాని చూపు తిన్నగా అక్క మూతి మీదికి వెళ్ళింది.

బిస్కట్లే. కుమారికి తెలుసు. పొద్దున్న సరిగా తినలేదు మరి. ఆమె చెయ్యి బిస్కట్ల బొమ్మ దాకా వెళ్ళిపోయింది. అక్కడ ఆగింది. నెమ్మదిగా వెనక్కి తీసుకుని, పెదాలు బిగించుకుని కూర్చుంది.

టీచరూ ఎదురుచూస్తోంది. నాని మూలుగుతూ ఊగుతున్నాడు. ఎంతసేపని? కుమారికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. అయినా ఉగ్గబట్టుకుంది.

ఊగుతూ ఊగుతూనే నాని చెయ్యి చాచాడు. గ్లాసు మీంచి పోయింది. బిస్కట్లు దాటిపోయింది. ఫ్యాను బొమ్మ తీశాడు. తీసి, టీచరుకి ఇవ్వలేదు. అక్క ఒళ్ళో పెట్టాడు.

కుమారి పైకి చూసింది. ఫ్యాను తిరుగుతోంది. అప్పటిదాకా తను గమనించనే లేదు. తిరిగినప్పుడల్లా అది కిర్రుమంటోంది. బిస్కట్లు కావు, నీళ్ళు కావు. వాడికి కావలసింది ఆ చప్పుడు ఆగడం!

కుమారి గబుక్కున లేచి స్విచ్చి ఆపేసింది. కిర్రుమనడం ఆగింది. నాని చెవుల మీంచి చేతులు తీశాడు.

బయట ఎండ మండిపోతోంది. లోపల ఉక్కపోత. కాసేపటికల్లా ముగ్గురికీ చెమటలు కారిపోతున్నాయి. అయినా ఎవరూ ఫ్యాను వెయ్యలేదు.